గ్యాస్ మాత్ర కూడా చూడు

మహారాణిపేట,
విశాఖపట్నం

అమ్మలూ,

గాజువాకలో నువ్వు చేరిన నర్సింగ్ హోమ్‌లో పెద్దవయసు పేషెంట్లందరికీ జీన్ టెస్ట్ చేయించి మందులు రాద్దామంటున్నారని, ల్యాబ్ వాళ్లు ప్యాకేజీ ఇస్తున్నారని చెప్పావు. నీ ఉత్సాహం బాగుంది. కానీ మామయ్య మాట కాస్త విను.

మత్తు డాక్టరుగా కొత్తలో ఒక చిన్న ఆసుపత్రిలో వైశ్యుల పెద్దాయనకు స్కోలిన్ ఇచ్చాను. కండరాల్ని సడలించే మందు, ఐదారు నిమిషాల్లో దిగిపోవాలి. ఆపరేషన్ అయింది, కుట్లు పడ్డాయి, ఆయన మాత్రం ఊపిరి అందుకోలేదు. వెంటిలేటర్ లేదు. సిస్టరూ నేనూ వంతులేసుకుని రాత్రి పదింటిదాకా అంబూ బ్యాగ్ నొక్కాం. ఆయన కదిలాక కూతురు అంది: "మా పెదనాన్నకీ ఇలాగే అయిందండీ." ఆ ముక్క నేను ముందే అడగాల్సింది.

స్కోలిన్‌ని విరిచే ఎంజైమ్ కొందరిలో పనిచేయదు. వైశ్యుల్లో దానికి కారణమైన జన్యు మార్పొకదాన్ని 2006లో ప్రచురించారు. మేనరికమే అక్కర్లేదు, ఒకే గుంపులో తరతరాలు సంబంధాలు కలుపుకున్నా ఇలాంటివి పేరుకుంటాయి. (మేనరికమంటే నవ్వకు, నిన్ను మావాడికి చేసుకోమని అమ్మమ్మ ఎంత పోరిందో!) హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2017లో ఇలా గుంపుల్లో పేరుకునే జన్యు మార్పుల మీదే పెద్ద పరిశోధన వెలువరించారు.

కాబట్టి టెస్టు వద్దనను. స్టెంట్ వేసినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ రాసేటప్పుడు సీవైపీ2సీ19 జన్యువు చూడటంలో అర్థముంది. ఆ జన్యువు మందకొడిగా ఉంటే మందు సరిగా పనిచేయదని అమెరికా ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది. మనవాళ్లలో అది అరుదేమీ కాదు. పాడేరు నుంచి మలేరియాతో దిగినవాళ్లకు ప్రైమాక్విన్ ముందు జీ6పీడీ లోపం ఉందేమో చూడు. దానికి జన్యు పరీక్షే అక్కర్లేదు, ఎంజైమ్ పరీక్ష చాలు.

అయితే స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై, క్లోపిడోగ్రెల్‌తో కలిపి పదకొండు మాత్రలు మింగుతున్న పెద్దాయన వచ్చాడనుకో. రిపోర్టులో సీవైపీ2సీ19 నార్మల్ అని ఉంటుంది. కానీ రోజూ పరగడుపున ఒమెప్రజోల్ వేసుకుంటాడు. ఆ గ్యాస్ మాత్ర ఆ జన్యువు తయారుచేసే ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది! రిపోర్టులో ఆ సంగతి ఉండదు. ముందు ఆయన మందుల సంచీ బల్లమీద బోర్లించు. పాంటోప్రజోల్‌కి మార్చవచ్చేమో చూడు. ఏది ఆపొచ్చో ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడు. అప్పటికీ అనుమానం మిగిలితే టెస్టు రాయి.

రిపోర్టు ఫైల్లో పెట్టి మర్చిపోకు, నకలు వాళ్ల చేతికివ్వు. ఆనాటి వైశ్యుల పెద్దాయనకు నేను "స్కోలిన్ ఇవ్వరాదు" అని చీటీ రాసిచ్చాను. ఆయన దాన్ని లామినేషన్ చేయించి, చొక్కా జేబులో రేషన్ కార్డుతో పాటు పెట్టుకుని తిరిగాడు.

మామయ్య