బస్సింట్లో బ్యాటరీల పంచాయితీ

బస్సులో కాపురమంటే అమ్మ లబోదిబోమంది గానీ, నాకు మాత్రం ముచ్చటేసింది సుజాతా. పోపులపెట్టె ఎక్కడ పెట్టాలి, మలుపుల్లో అల్మరా తలుపులు తెరుచుకోకుండా ఏం బిగించాలి అన్నవి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు మరిదిగారు అడిగిన ఈక్వలైజర్ సంగతి తేల్చేద్దాం. “రెండు బ్యాటరీల్లో ఒకదాన్నుంచి వైరు లాగేసుకుంటే పోదా వదినగారూ?” అంటున్నారు. పోతాయి. రెండు బ్యాటరీలూ పోతాయి.

అమెరికాలో స్కూలు బస్సులు ఎక్కువగా 12 వోల్టులవి. వాటిని ఇల్లుగా మార్చుకునేవాళ్ళకి ఈ గొడవే ఉండదు. మీది హైవే కోచ్. ఎం.సి.ఐ. అయినా, ప్రెవో అయినా 24 వోల్టులు. అంటే 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉంటాయి. మరి ఇళ్ళుగా వాడే బళ్ళకి (ఆర్‌వీలకి) సామాన్లమ్మే దుకాణంలో దొరికే నీళ్ళ పంపు, కప్పు ఫ్యాను, హీటరు బ్లోయరు చూస్తే అన్నీ 12 వోల్టులవే. అందుకే అందరి కన్నూ గ్రౌండు వైపున్న కింది బ్యాటరీ మీద పడుతుంది. మన ఊళ్ళో లారీవాళ్ళు పాటల పెట్టెకి అలాగే వైరు లాగి, ఏడాది తిరక్కుండా బ్యాటరీని తిట్టుకోవడం చూశాం కదా.

ఒకే ఇంట్లో ఇద్దరు కోడళ్ళున్నారనుకో. చాకిరీ అంతా చిన్నకోడలిది, వడ్డించేది మాత్రం ఇద్దరికీ సమానంగా. సిరీస్‌లో జరిగేది సరిగ్గా అదే. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటు రెండింటిలోంచీ ఒకే కొలతలో పోతుంది. కింది బ్యాటరీ ఖర్చుపెట్టింది దానికి తిరిగి రాదు, పైదానికి అక్కర్లేకపోయినా ఎక్కుతూనే ఉంటుంది. మొత్తం 28.4 వోల్టులు ఉంటే చెరి 14.2 రావాలి. అలాంటిది కిందిది 13 దగ్గర నీరసంగా పడుంటుంది, పైది 15 దాటి ఉడుకుతుంది. మూతలు తీసి చూస్తే పైదాంట్లోనే నీళ్ళు తగ్గి ఉంటాయి. మీటరు లేకపోయినా రోగం అక్కడే తెలిసిపోతుంది.

ఈక్వలైజర్ ఆ అన్యాయాన్ని సరిచేస్తుంది. దానికి ముఖ్యమైన వైర్లు మూడు: 24కి ఒకటి, మధ్యలో 12కి ఒకటి, గ్రౌండుకి ఒకటి. మధ్య పాయింటు సగానికి దిగువకి జారుతోందంటే, 24 వైపు నుంచి తీసుకుని కింది బ్యాటరీకి అందిస్తుంది. 12 వైపు 60 ఆంపియర్లు ఇవ్వాలంటే 24 వైపు సుమారు 30 తీసుకుంటుంది. పాత కోచ్‌లలో ఆయిల్‌తో చల్లబడే 270 ఆంపియర్ల డెల్కో ఆల్టర్నేటర్ ఉంటుంది చూడు, దానికి ఇదొక లెక్క కాదు.

ఎంత సైజు కొనాలి? పంపు, బ్లోయరు, ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్ అన్నీ కూడి గాభరా పడకు. పంపు కుళాయి తిప్పినంతసేపే తిరుగుతుంది. ఆ కాసేపటి భారం బ్యాటరీ మోస్తుంది, ఈక్వలైజర్ తర్వాత నింపుకుంటుంది. గంటల తరబడి ఆగకుండా నడిచేవి మాత్రమే కూడు. మీ జాబితా చూస్తే 25 ఆంపియర్లు దాటడం కష్టం. 60ది చాలు, 100ది దుబారా. అయితే ఒక్క షరతు. ఇన్వర్టర్‌ని 12 మీద పెట్టకండి. నువ్వు ఇండక్షన్ పొయ్యి మీద 1500 వాట్లతో ఇడ్లీ వేశావంటే 12 వోల్టుల దగ్గర 125 ఆంపియర్ల పైమాటే. 24కి తగ్గ ఇన్వర్టర్ కొంటే అందులో సగం. వైరూ సన్నబడుతుంది, ఈక్వలైజర్‌కి దాంతో పనే ఉండదు.

కన్వర్టర్ కొంటే చవక కదా అని మరిదిగారు మళ్ళీ అడుగుతారు, తెలుసు. 24ని 12గా మార్చే కన్వర్టర్ వెనక 12 వోల్టుల బ్యాటరీ పెట్టకపోతే, పంపు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు కూడా అదే ఇవ్వాలి. కాబట్టి పెద్దది కొనాలి. మీవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు కనుక నా ఓటు ఈక్వలైజర్‌కే. రేపు లిథియం వేసుకుంటే మాత్రం కన్వర్టర్‌కే వెళ్ళండి, లిథియంలో మధ్య నుంచి తీసుకునే ఆలోచన అసలు వద్దు.

బ్యాలెన్సర్ అనే చిన్న పెట్టె చూసి మోసపోకు. విక్ట్రాన్ వాళ్ళది మంచి సరుకే, కానీ అది సర్దేది 0.7 ఆంపియర్లే, అదీ మొత్తం వోల్టేజి 27.3 దాటాక. ఒకదానికొకటి కాస్త తేడాపడిన బ్యాటరీలని సరిచేయడానికే గానీ, ఇల్లు నడపడానికి కాదు.

బిగించేటప్పుడు బ్యాటరీలకి దగ్గరగా పెట్టించు, వాటి పెట్టెలో మాత్రం వద్దు, అక్కడ మండే గ్యాసు చేరుతుంది. వైర్లు పొట్టిగా, లావుగా ఉండాలి. వైరులోనే కొంత వోల్టేజి పోయిందంటే, ఈక్వలైజర్ అటూ ఇటూ సమానమే అనుకుని ఊరుకుంటుంది. 24 వైరుకీ 12 వైరుకీ బ్యాటరీ దగ్గరే ఫ్యూజులు పెట్టాలి. మెయిన్ స్విచ్ ఆపితే 24తో పాటు 12 కూడా ఆగాలి, లేకపోతే బండి నిలబెట్టిన వారంలో కింది బ్యాటరీ ఒక్కటే ఖాళీ అవుతుంది.

అన్నట్టు, డబ్బు కట్టేముందు బ్యాటరీల గదిలోకి ఒకసారి తొంగిచూడమను. ఎం.సి.ఐ. కోచ్‌లు చాలావాటికి ఒహాయో రాష్ట్రపు వానర్ కంపెనీ ఈక్వలైజర్ ముందే ఉంటుంది, గాడులు గాడులుగా ఉండే అల్యూమినియం పెట్టె. ఇంజను ఆన్‌లో ఉంచి, లైట్లూ ఫ్యానూ వేసి, ఒక్కో బ్యాటరీనీ విడిగా మీటరుతో చూడాలి. తేడా పదోవంతు వోల్టు లోపే ఉంటే పాతదే పనిచేస్తోంది. ఇక కొనడమెందుకు? ఎక్కువుంటే ముందు ఫ్యూజులు, బిగింపులు చూసి, అప్పుడు పెట్టె మీది లేబుల్ ఫోటో తీసి నాకు పంపు.