డిఫెండర్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: ఇంటి కంప్యూటర్లో విండోస్ డిఫెండర్ ఆన్ కావడం లేదు. వైరస్ పట్టిందేమోనని భయంగా ఉంది.
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కంగారు పడకండమ్మా. చాలా ఇళ్లలో దీనికి కారణం కంప్యూటర్‌తో పాటే వచ్చిన ట్రయల్ యాంటీవైరస్. అలాంటిది ఉంటే డిఫెండర్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. గడువు తీరాక కూడా ఆ పాతది తిష్ఠ వేసుకుని ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి దాన్ని తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. కింద కుడి మూలన, గడియారం పక్కన చిన్న డాలు గుర్తు ఉంటుంది. దాని మీద పచ్చటి టిక్కు కనిపిస్తే డిఫెండర్ పనిలోకి దిగినట్టే.

అనుమానం తీరకపోతే ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. పావుగంట పడుతుంది. తెర మీద ‘వైరస్ తీసేస్తాం’ అంటూ నంబరు వస్తే మాత్రం దయచేసి ఫోన్ చేయకండి, అది మోసం.

ఇవన్నీ చేసినా డిఫెండర్ ఆఫ్ అవుతుంటే, ఆ కంప్యూటర్లో బ్యాంకు పనులు ఆపేసి, నమ్మకమైన టెక్నీషియన్‌కు చూపించండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.