మీ పాప స్కూల్ బ్యాగు వెనుక ఉన్న ఒప్పందం



ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ సదస్సులు, స్త్రీల హక్కులు అనగానే సోషల్ పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న గుర్తొస్తుంది. సంవత్సరాలు బట్టీపట్టి రాసేస్తే పని అయిపోతుంది. అయితే ఈ పాఠంలో ఒక భాగం నేరుగా మన ఇళ్లకు సంబంధించింది. పదో తరగతి తర్వాత అమ్మాయి ఏ గ్రూపు తీసుకోవాలి, ఎంత దూరం వెళ్లి చదవాలి అని మీరు తీసుకునే నిర్ణయం దాకా అది వస్తుంది. ఈ నెల ఈ పాఠాన్ని మీ పిల్లలతో కలిసి చదవండి.

ఒక మాట మార్పించిన భారతీయురాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, మనిషిగా పుట్టిన ప్రతి ఒక్కరికీ ఉండాల్సిన హక్కులను ఒకచోట రాయాలని ఐక్యరాజ్యసమితి నిర్ణయించింది. ఎలినార్ రూజ్‌వెల్ట్ అధ్యక్షతన మానవ హక్కుల సంఘం ఆ పని చేపట్టింది. అందులో మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ముసాయిదాలో మొదటి అధికరణం 'ఆల్ మెన్' అని మొదలయ్యేది. 'మెన్' అంటే మనుషులందరూ అనే కదా, ఇబ్బందేముంది అన్న వాదన ఉండేది. ఆ మాటను అడ్డం పెట్టుకుని ఈ హక్కులు మగవాళ్లకే అనే దేశాలు ఉండవచ్చని హంసా మెహతా అభ్యంతరం చెప్పారు. చివరికి అది 'ఆల్ హ్యూమన్ బీయింగ్స్' అయింది. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఆమోదం పొందిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలో ఈ రోజుకీ ఆ మాటే ఉంది.

హంసా మెహతా మన రాజ్యాంగ సభలోనూ సభ్యురాలు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూడా అదే సభలో కూర్చున్నారు. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం స్త్రీ పురుషులిద్దరికీ ఒకేసారి ఓటు హక్కు ఇచ్చింది. సంపన్న దేశమైన స్విట్జర్లాండ్‌లో మహిళలకు జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో! ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాసి పిల్లలకు చూపించండి.

ప్రకటన వేరు, ఒప్పందం వేరు

ప్రకటన అంటే ఆశయం. ఒప్పందం అంటే బాధ్యత. స్త్రీల విషయంలో ఆ బాధ్యతను రాసుకోవడానికి మరో 31 ఏళ్లు పట్టింది. 1975లో మెక్సికో నగరంలో మొదటి ప్రపంచ మహిళా సదస్సు జరిగింది. 1979 డిసెంబర్ 18న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షను తొలగించే ఒప్పందాన్ని ఆమోదించింది. దాన్ని క్లుప్తంగా 'సీడా' అంటారు. 30 అధికరణాలున్న ఈ ఒప్పందంలో ఇప్పుడు 189 దేశాలు భాగస్వాములు. మన దేశం 1980లో సంతకం చేసి, 1993లో ధ్రువీకరించింది. కుటుంబ, వివాహ విషయాల్లో కొన్ని పరిమితులు ప్రకటించి మరీ ఒప్పుకుంది. అమెరికా 1980లో సంతకమైతే చేసింది గానీ నేటికీ ధ్రువీకరించలేదు.

ఈ ఒప్పందానికి పోలీసులు లేరు, జైళ్లు లేవు. చేరిన దేశాలు నాలుగేళ్లకోసారి నివేదిక ఇవ్వాలి. 23 మంది నిపుణుల కమిటీ దాన్ని చదివి ప్రశ్నలు వేస్తుంది. అంతే. మరి దీనివల్ల ఉపయోగం ఏమిటని మీ అబ్బాయో అమ్మాయో అడిగితే, ఈ కింది సంగతి చెప్పండి.

కాగితం పనికొచ్చిన రోజు

1992లో రాజస్థాన్‌లో ఒక గ్రామ కార్యకర్త బాల్య వివాహాన్ని ఆపడానికి ప్రయత్నించి, అందుకు ప్రతీకారంగా దారుణమైన దాడికి గురైంది. పని చేసే చోట మహిళకు రక్షణ కల్పించే ప్రత్యేక చట్టం అప్పటికి మన దేశంలో లేదు. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న 'విశాఖ' కేసులో తీర్పు ఇస్తూ కోర్టు మన రాజ్యాంగంతో పాటు సీడా ఒప్పందాన్నీ ఆధారం చేసుకుంది. చట్టం వచ్చేదాకా పని ప్రదేశాలన్నీ పాటించాల్సిన మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ఆధారంగానే 2013లో చట్టం వచ్చింది. ఉద్యోగం చేసే తల్లులకు ఆఫీసులో ఉండే 'ఇంటర్నల్ కమిటీ' తెలిసే ఉంటుంది. అది అక్కడికి వచ్చిన దారి ఇదే. ఎవరో ఒకరు బయటికి తీసి అడిగినప్పుడే ఒప్పందానికి బలం వస్తుంది.

పదో అధికరణం: బడి, ఇల్లు

సీడాలో పదో అధికరణం పూర్తిగా చదువు గురించే. అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకే సిలబస్, ఒకే స్థాయి ఉపాధ్యాయులు, ఒకే పరీక్షలు ఉండాలంటుంది. కెరీర్ గైడెన్స్, స్కాలర్‌షిప్‌లు, ఆటలు ఇద్దరికీ సమానంగా అందాలంటుంది. 'ఇది ఆడవాళ్ల పని, అది మగవాళ్ల పని' అనే మూస భావాలను పాఠ్యపుస్తకాల నుంచి తొలగించాలని కూడా చెబుతుంది. కేరళలో 2024లో వచ్చిన మూడో తరగతి పుస్తకంలో వంటింట్లో కూర్చుని కొబ్బరి తురుముతున్న నాన్న బొమ్మ ఉంది. చిన్న బొమ్మే కానీ, ఎనిమిదేళ్ల పిల్లల మనసులో అది నిలిచిపోతుంది.

సిలబస్‌ను ప్రభుత్వం మార్చగలదు. ఆటల పీరియడ్‌లో బంతి అమ్మాయిల చేతికీ వస్తోందా అన్నది బడి చూసుకోవాలి. ఆ సంగతి పీటీఎంలో మమ్మల్ని నిలదీసి అడగండి. కానీ ఇంట్లో జరిగేదాన్ని ఏ కమిటీ చూడలేదు. ఒకే ఇంట్లో అబ్బాయిని అప్పు చేసైనా దూరపు కోచింగ్‌కు పంపి, అంతే మార్కులొచ్చిన అమ్మాయిని 'దగ్గర్లో ఏదో ఒక కాలేజీ చాల్లే' అనడం మనకు తెలియనిది కాదు. భద్రత గురించి మీ భయం నిజమైనదే. అయితే ఆ భయానికి మూల్యం ప్రతిసారీ అమ్మాయి చదువే చెల్లించాలా?

ఈ నెల ఇంట్లో చేయండి

1. ఒక వారం పాటు ఇంటి పనులు ఎవరెవరు చేస్తున్నారో పిల్లల చేతే పట్టికగా రాయించండి. ఆదివారం అందరూ కలిసి చదవండి.

2. వాళ్ల పాఠ్యపుస్తకం ఒకటి తీసి, బొమ్మల్లో ఆడవాళ్లు ఏం చేస్తున్నారో, మగవాళ్లు ఏం చేస్తున్నారో లెక్కపెట్టించండి.

3. ఇద్దరు పిల్లలుంటే, వాళ్ల చదువుకు మీరు పక్కన పెడుతున్న డబ్బు ఎంతెంతో ఒక కాగితం మీద రాసుకోండి. అది మాకు చూపించనవసరం లేదు. మీరు చూసుకుంటే చాలు.