వెబ్ సర్వర్‌ను ఎలా నడపాలి, ఎలా ఆపాలి?



మీ విరాళాలతో ఇచ్చే ఉపకార వేతనాలకు దరఖాస్తులు ఇప్పుడు వెబ్‌సైటు ద్వారానే వస్తున్నాయి. ఆ వెబ్‌సైటును నడిపేది వెబ్ సర్వర్ అనే ప్రోగ్రామ్. అది ఆగిపోతే మన ఆఫీసు గేటుకు తాళం వేసినట్టే. అందుకే మా కంప్యూటర్ తరగతిలో చెప్పే పాఠాన్ని క్లుప్తంగా మీ ముందుంచుతున్నాము.

మేము వాడేది లినక్స్ మీద నడిచే అపాచీ. 1995లో వెలువడిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం కనుక, దీని లైసెన్సుకు మీ విరాళాల్లోంచి ఒక్క రూపాయి కూడా పోదు.

మొదలుపెట్టడానికి ఆదేశం 'సుడో అపాచీసీటీఎల్ స్టార్ట్'. సర్వర్ మామూలుగా 80, 443 పోర్టుల వద్ద వచ్చేవారి కోసం ఎదురుచూస్తుంది. 1024 కన్నా తక్కువ నంబరున్న పోర్టులు తెరవడానికి రూట్ అధికారం కావాలి, 'సుడో' అందుకే. మొదట ఒక తల్లి ప్రాసెస్ లేస్తుంది. అది పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తుంది. వచ్చినవారికి జవాబిచ్చేది ఆ పిల్లలే.

ఆపడంలోనే అసలు జాగ్రత్త ఉంది. 'స్టాప్' అంటే పిల్ల ప్రాసెస్‌లన్నీ వెంటనే ఆగిపోతాయి, చేతిలో ఉన్న పని సగంలో తెగిపోతుంది. 'గ్రేస్‌ఫుల్' అంటే చేతిలో ఉన్న పని ముగించి తప్పుకుంటాయి, కొత్త పిల్లలు కొత్త సెట్టింగులతో వస్తాయి. రేషన్ షాపులో సరుకు తూస్తుండగానే షట్టర్ దించడం మొదటి పద్ధతి. లోపలివారికి సరుకు ఇచ్చి పంపడం రెండోది.

ఇది మేము దెబ్బ తిని నేర్చుకున్నాము. ఒకసారి దరఖాస్తుల చివరి రోజు సాయంత్రం సెట్టింగుల ఫైలులో చిన్న మార్పు చేసి 'స్టాప్' కొట్టాము. తర్వాత 'స్టార్ట్' కొడితే సర్వర్ లేవలేదు. ఫైలులో ఒక ముగింపు ట్యాగు మరిచిపోయాము. అది దొరికేదాకా పిల్లల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. గడువు ఒక రోజు పెంచి సరిదిద్దుకున్నాము.

అప్పటినుంచి మా నియమాలు ఇవి:

1. ఏ మార్పు చేసినా ముందు 'అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్'. 'సింటాక్స్ ఓకే' అని వస్తేనే ముందడుగు.

2. మార్పు అమలుకు 'స్టాప్', 'స్టార్ట్' విడివిడిగా కొట్టకూడదు, 'గ్రేస్‌ఫుల్' చాలు. అది ఫైలును ముందుగా తానే పరీక్షిస్తుంది, తప్పుంటే నడుస్తున్న సర్వర్‌ను కదిలించదు.

3. పూర్తిగా ఆపాల్సి వస్తే 'గ్రేస్‌ఫుల్-స్టాప్'.

4. 'కిల్ -9' జోలికి పోకూడదు. తల్లి చనిపోయినా పిల్లలు పోర్టును పట్టుకుని ఉండిపోవచ్చు, అప్పుడు కొత్త సర్వర్‌కు చోటు దొరకదు.

5. కరెంటు పోయి వచ్చాక సర్వర్ తానే లేవాలంటే 'సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్' ముందే చేసి ఉంచాలి.

6. సర్వర్ లేవకపోతే కంగారు పడకుండా ఎర్రర్ లాగ్ చదవాలి. చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

7. దరఖాస్తుల చివరి రోజున ఏ మార్పూ చేయకూడదు.

ఈ నియమాలను కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించాము. మీరిచ్చిన రూపాయి అర్హుడైన విద్యార్థికి చేరే దారిలో ఇదీ ఒక మెట్టు. ఆ మెట్టు విరగకుండా చూసుకోవడం మా బాధ్యత.