ఆంత్రే: ఒక విందు మాట – రెండు అర్థాలు

అన్యదేశ్యాలను బోధించే సందర్భంలో విద్యార్థులు మమ్ము తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "ఈ మాటకు సరియైన అర్థమేది?" ప్రశ్న సమంజసమైనదే. కాని కొన్ని పదాల విషయంలో దానికి ఏకవాక్య సమాధానం చెప్పుట సాధ్యం కాదు. అట్టి పదాలలో "ఆంత్రే" అనే ఫ్రెంచి మాట ఒకటి. దానిని ఉదాహరణగా గ్రహించి అర్థవిపరిణామాన్ని గూర్చి కొంత విచారింతము.

ఫ్రెంచిలో ఆంత్రే అనగా ప్రవేశము. భోజన విషయంలో నేటి ఫ్రాన్సులో ఇది ప్రధాన వంటకానికి ముందు వడ్డించే తొలి వంటకం. ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశాల ఇంగ్లీషులోను ఇదే అర్థం. బ్రిటనులో ఈ మాట వాడుక తక్కువ. తొలి వంటకాన్ని అక్కడ "స్టార్టర్" అంటారు. అమెరికాలో మాత్రం ఆంత్రే అంటే ప్రధాన వంటకమే. కెనడా సంగతి మరింత విచిత్రం. అక్కడి ఇంగ్లీషులో అది ప్రధాన వంటకం; క్విబెక్ ఫ్రెంచిలో తొలి వంటకం.

"ప్రవేశ"మనే పేరును ప్రధాన వంటకానికి పెట్టుట అమెరికావారి అజ్ఞానమని కొందరు తొందరపడి తీర్మానిస్తారు. చరిత్ర ఈ తీర్మానాన్ని సమర్థించదు. 1651లో లా వరెన్ ప్రకటించిన ఫ్రెంచి పాకశాస్త్ర గ్రంథంలోనే ఆంత్రేల ప్రస్తావన ఉన్నది. ఆ కాలపు సంపన్నుల విందులలో అనేక వంటకాలను ఒక్కసారిగా బల్లపై నింపి, అవి తీసిన పిదప మరొక విడత తెచ్చేవారు. మొదటి విడతలో సూపులతోపాటు వచ్చే వేడి మాంసపు వంటకాలు ఆంత్రేలు. నిప్పులపై కాల్చిన మాంసం తరువాతి విడతలో వచ్చేది. అనగా ఆనాటి ఆంత్రేకు రెండు లక్షణాలున్నవి: అది విందులో ముందుగా వచ్చేది, కడుపు నింపే వంటకమూ అయి ఉండేది.

19వ శతాబ్దంలో వంటకాలను ఒకదాని తరువాత ఒకటిగా వడ్డించే రష్యన్ పద్ధతి పడమటి ఐరోపాలో వ్యాపించింది. ఆంగ్లేయుల పెద్ద విందులలో సూపు, చేప, ఆంత్రే, కాల్చిన మాంసం అనే వరుస ఏర్పడింది. 20వ శతాబ్దంలో విందులు కుదించుకుపోయి రెండు మూడు వంటకాలే మిగిలినవి. అప్పుడు ఫ్రెంచివారు ఆ మాటలోని స్థానాన్ని నిలుపుకొన్నారు, వంటకం మారింది. అమెరికావారు వంటకాన్ని నిలుపుకొన్నారు, స్థానం మారింది. పూర్వార్థంలో చెరిసగం ఇరువురికీ దక్కింది. మన ధవళేశ్వరం వద్ద గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వీటిలో అసలు గోదావరి ఏదని అడుగుట ఎట్టిదో, ఆంత్రేకు అసలు అర్థమేదని అడుగుటయు అట్టిదే.

గౌతమి వెంట దిగువకు సాగితే యానాం వస్తుంది. అక్కడ 1954 వరకు ఫ్రెంచి పాలన సాగింది. అయినను హోటలు, రెస్టారెంటు, మెనూ, ఆమ్లెట్టు వంటి ఫ్రెంచి మాటలు మన వాడుకలోకి ఇంగ్లీషు ద్వారానే వచ్చినవి. వీటిలో హోటలు కథ గమనింపదగినది. హాస్పిటలుకు, హోటలుకు లాటిన్ మూలం ఒక్కటే. ఫ్రెంచిలో అది ఘనమైన భవనానికి కూడ పేరు. పురపాలక భవనాన్ని వారు "ఓతెల్ ద విల్" అంటారు. ఇంగ్లండులో హోటలు బస చేసే చోటు. ఆస్ట్రేలియాలో అది మద్యశాలకు సైతం పేరు. మనకో, హోటలంటే ముందుగా స్ఫురించేది ఇడ్లీ, కాఫీ! బసకు మనం "లాడ్జి"కి పోతాము.

ఉర్దూ విద్యార్థులకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ "నాష్తా". పారసీలో నాష్తా అనగా ఏమియు తినక పరగడుపున ఉండుట. ఉర్దూలో అది ఆ పరగడుపును పోగొట్టే ఉదయపు ఆహారం. తెలంగాణ తెలుగులోను ఈ అర్థమే స్థిరపడింది. ఖాళీ కడుపును తెలిపే మాట కడుపు నింపే దానికి పేరయినది. అయినను ఉర్దూవారి నాష్తా తప్పని ఏ పండితుడును అనడు.

ఇంతగా చెప్పుటకు కారణమున్నది. తమ ఇంటి ఉర్దూ హైదరాబాదు ఉర్దూ వలె లేదని, తమ ఇంటి తెలుగు పుస్తకాల తెలుగు కాదని, తరగతిలో నోరు విప్పని విద్యార్థులను మేము ఎరుగుదుము. పారసీ మాటను మార్చుకొను హక్కు ఉర్దూకు, ఫ్రెంచి మాటను మార్చుకొను హక్కు అమెరికాకు ఉన్నప్పుడు, గోదావరి ఒడ్డున తరతరాలుగా ఉర్దూ మాట్లాడే కుటుంబాలకు ఆ హక్కు ఏల లేకపోవలెను?

అట్లని ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకొనవచ్చునని కాదు. అర్థాన్ని నిర్ణయించునది వ్యక్తి కాదు, వ్యవహర్తల సమాజం. రేపు మన విద్యార్థి మెల్బోర్నులో కొలువు చేస్తే, ఆంత్రే అడిగినవారికి తొలి వంటకం పెట్టవలెను. న్యూయార్కులోనైతే ప్రధాన వంటకం పెట్టవలెను. ఏ ఊరి మాటను ఆ ఊరి అర్థంతో గ్రహించుట వివేకము. మన ఊరి అర్థాన్ని సిగ్గుపడక పలుకుట ఆత్మగౌరవము. విద్యార్థినీ విద్యార్థులు తమ ఇళ్లలో వినిపించే భోజన సంబంధమైన మాటలను సేకరించి, వాటి పూర్వార్థాలను నిఘంటువులలో వెదకవలెనని మా కోరిక.