ప్రహ్లాదుడి గురువులు, మా అల్లుడి స్కూల్ డైరీ

పోయిన వీడియోలో ప్రహ్లాద చరిత్రలోని చదువుల ఘట్టం చెప్పుకున్నాం కదా, టైమ్ సరిపోక అందులో ఒక ముక్క వదిలేశాను. అది ఇక్కడ రాస్తున్నా. దానికి కారణం మా అల్లుడు.

మా అక్కవాళ్లది నాచారం. బావది అక్కడే ఇండస్ట్రియల్ ఏరియాలో సెకండ్ షిఫ్ట్, ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. వాళ్ల బాబుకి ఆరేళ్లు, ఫస్ట్ క్లాస్. స్కూల్ తెరిచిన నెలకే డైరీలో ఎర్ర పెన్ను నోట్లు మొదలయ్యాయి. పక్కవాళ్లని తోస్తున్నాడు, మాట వినట్లేదు, పేరెంట్స్ వచ్చి కలవాలి. నోట్ వచ్చిన ప్రతిసారీ ఇంట్లో రెండు దెబ్బలు. నాలుగోసారి వాడు ఆ పేజీ చింపి స్కూల్ ఆటోలో సీటు కింద దాచేశాడు. ఆటో అన్న తెచ్చిచ్చాడు.

అక్క ఫోన్ చేసి ఏడ్చింది, "వేరే స్కూల్ చూసుకోమంటారేమో రా" అని. నాకైతే తోసినందుకు కాదు, చింపినందుకు భయమేసింది. స్కూల్లో జరిగింది ఇంట్లో తెలిస్తే తనకి దెబ్బలేనని ఆరేళ్లకే వాడికి అర్థమైపోయింది.

ఇప్పుడు భాగవతం సప్తమ స్కంధానికి వద్దాం. ప్రహ్లాదుడికి అప్పటికి ఐదేళ్లే. హిరణ్యకశిపుడు కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నువ్వు నేర్చుకున్నదాంట్లో మంచిదేంటి నాన్నా అని ప్రేమగానే అడుగుతాడు. పిల్లాడు హరిని శరణు వేడటమే మంచిదంటాడు. తండ్రి నవ్వేసి, ఎవరో వీడి బుద్ధి చెడగొడుతున్నారు, జాగ్రత్తగా చూసుకోండి అని మళ్లీ గురువుల దగ్గరికి పంపిస్తాడు.

శుక్రాచార్యుల కొడుకులైన చండామార్కులు కూడా ముందు మెత్తగానే అడుగుతారు, ఇది నీకే తోచిందా, ఎవరైనా నేర్పారా అని. ప్రహ్లాదుడు దాచడు. అయస్కాంతం వైపు ఇనుము కదిలినట్టు నా మనసు తనంతట తానే విష్ణువు వైపు వెళ్తోంది అని చెప్తాడు. ఐదేళ్ల పిల్లాడు లోపల ఏం జరుగుతోందో ఇంత స్పష్టంగా చెప్తే వాళ్లు చేసిన పని, బెత్తం తెమ్మనడం! తర్వాత పిల్లాడిని మళ్లీ తయారుచేసి, తల్లి చేత స్నానం చేయించి, అలంకరించి తండ్రి ముందు నిలబెడతారు. ఈసారి నవవిధ భక్తి గురించి వినగానే రాజు కోపం గురువు మీదికి మళ్లుతుంది. గురువు సమాధానం: నేను నేర్పలేదు ప్రభూ, వేరేవాళ్లూ నేర్పలేదు, ఇది వీడి స్వభావం.

ఈ ఘట్టంలో ఇంటికి, గురుకులానికి మధ్య మాటలు లేవని కాదు. చాలానే నడిచాయి. కానీ అన్నీ "తప్పెవరిది" అనేదాని మీదే. పిల్లాడు చెప్పింది ఎవరికీ పనికిరాలేదు. గురువులకి రాజంటే భయం, రాజుకి పరువు.

(మా వాడు తోయడం, ప్రహ్లాదుడి భక్తి ఒకటేనని నేను అనట్లేదు. పోలిక పెద్దవాళ్ల గురించే.)

ఆ శనివారం ఉప్పల్ నుంచి నేను కూడా వెళ్లాను. కూర్చోగానే బావ, "ఇంట్లో మంచిగనే ఉంటడు మేడం" అన్నాడు. మేడం, "నా క్లాసులో మిగతావాళ్లంతా బాగానే ఉన్నారండి" అన్నారు. నాకు చండామార్కులు గుర్తొచ్చి నవ్వాగలేదు, అక్క గిల్లింది. సాఫ్ట్‌వేర్ బుద్ధి కదా, ఒకటే అడిగాను: "ఎప్పుడు తోస్తాడు మేడం? ఏ టైమ్‌లో, ఎక్కడ?" మా ఆఫీసులో "పనిచేయట్లేదు" అని మాత్రమే రాసిన బగ్‌ని ఎవ్వరూ ఫిక్స్ చేయలేరు.

ఆమె కాసేపు ఆలోచించి, ఎక్కువగా పొద్దున ప్రేయర్ లైన్లోనే అన్నారు. మధ్యాహ్నం దాదాపు ఉండదట. అప్పుడు అక్క చెప్పింది, వాడు నాన్న కోసం పదకొండు దాకా మేలుకునే ఉంటాడని, పొద్దున సగం గ్లాసు పాలతోనే ఆటో ఎక్కుతాడని. షిఫ్ట్ సంగతి మేడంకి తెలీదు. వాడిని ఒంటరిగా చివరి బెంచీకి మార్చారన్న సంగతి మాకు తెలీదు.

ఒప్పందం చిన్నదే. బావ డిన్నర్ బ్రేక్‌లో వీడియో కాల్ చేస్తాడు, వాడు తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. పొద్దున రెండు ఇడ్లీలైనా తిని వెళ్లాలి. ప్రేయర్‌కి మేడం వాడి చేతికి అటెండెన్స్ రిజిస్టర్ ఇచ్చి లైన్లో ముందు నిలబెడతారు. చేయి లేస్తే ఇంట్లోనూ స్కూల్లోనూ ఒకటే మాట: "చేతులు వెనక్కి." డైరీలో మంచైనా చెడైనా రోజూ ఒక లైన్. నోట్ చూసి కొట్టకూడదు. ఇది చివరి షరతు, మేడమే పెట్టారు.

చాలామంది పేరెంట్స్‌కి తెలీని సంగతొకటి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ స్కూల్లో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధించింది. అదే చట్టం 24వ సెక్షన్‌లో తల్లిదండ్రులతో క్రమంగా కలిసి మాట్లాడటం టీచర్ బాధ్యతల్లో ఒకటి. కాబట్టి కలవమని నోట్ వస్తే శిక్ష పడినట్టు కంగారు పడక్కర్లేదు.

మూడు వారాలైంది. పూర్తిగా మానలేదు, మొన్న గురువారం కూడా ఒకడిని తోశాడు. డైరీలో లైన్ వచ్చింది, ఈసారి నీలం పెన్నుతో. వాడే తెచ్చి అక్కకి చూపించాడు. రాత్రి బావ ఇంటికొచ్చాక, వాడు నిద్రపోతుంటే, దాని కింద మొదటిసారి జవాబు రాశాడు: "నిన్న జ్వరం ఉండె మేడం, సరిగ్గ పడుకోలె."