వంశీకి, శాంటా ఫే వెళ్లేముందు

గుంటూరు, బ్రాడీపేట



మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతుంటే ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని గాభరాపడ్డాను. తీరా చూస్తే విషయం ఇది: సెప్టెంబరులో నువ్వూ శ్రావణీ శాంటా ఫే వెళ్తున్నారు, దానికోసం నువ్వు రాసుకున్న లిస్టు పొరపాటున మీ అమ్మ ఫోనుకి వెళ్లింది. "అందులో వైన్ షాపులు ఉన్నాయన్నయ్యా, ఒకటి కాదు, ఐదు" అంది. పాపం ఆవిడ కళ్లముందు మన సందు చివర కటకటాల వెనకనించి క్వార్టరు సీసాలు అందించే కొట్టు మెదిలి ఉంటుంది. అక్కడి షాపులు అలా ఉండవే, లైబ్రరీలా ఉంటాయి, ఏ కూరకి ఏ సీసా నప్పుతుందో కూర్చోబెట్టి చెప్తారు అన్నాను. నమ్మలేదు. పోనీ ఆ లిస్టేదో నాకూ పంపమన్నాను.

చదివాక నాకూ బెంగ పట్టుకుంది. మీ అమ్మ బెంగ కాదు, వేరే బెంగ.

నాలుగు రోజులకి పద్నాలుగు రెస్టారెంట్లేమిట్రా? పైగా ప్రతిదాని పక్కనా నక్షత్రాలు. నాలుగు పాయింట్ ఆరు, నాలుగు పాయింట్ ఏడు. నక్షత్రం చూసి ముహూర్తం పెట్టుకోవచ్చు గానీ, అన్నం తినే చోటు కుదుర్చుకోకూడదు. ఆ నక్షత్రాలు వేసేవాళ్లలో సగంమంది నీలాగే ఒక పూట వచ్చి పోయేవాళ్లు. పోనీ వాకిలి చూసి తేల్చుకుందామంటే ఆ ఊళ్లో అదీ కుదరదు. పాత పేటల్లో ప్రతి కట్టడమూ మట్టి ఇల్లులాగే కనబడాలని 1957లోనే నగరం చట్టం చేసి కూచుంది. బ్యాంకూ మట్టిగోడే, హోటలూ మట్టిగోడే. లోపల వండేవాడెలాంటివాడో గోడకేం తెలుసు?

నా పద్ధతి చెప్తాను విను. దిగిన రోజున ముందు వైన్ షాపుకే వెళ్లు. (ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు.) సీసా ఏదీ చేత్తో పట్టుకోకుండా, "సెలవు రోజున మీరు ఎక్కడ తింటారు?" అని కౌంటర్లో ఉన్న మనిషిని అడుగు. హోటల్లో క్లర్కుని అడిగితే అందరికీ చెప్పే నాలుగు పేర్లే చెప్తాడు. వైన్ అమ్మేవాడు అలా కాదు. ఊళ్లో ఏ వంటింటికి ఏ సరుకు వెళ్తోందో, ఎవరు డబ్బు కట్టకుండా నెలలు తిప్పుతున్నారో, ఏ వంటవాడు కొత్తగా చేరాడో అతనికి తెలుసు. నాలుక పట్టింపు లేనివాడు ఆ వ్యాపారంలో నిలవడు. అందుకే నీ లిస్టులో ఆరోయో వీనో ఉంచు. అక్కడ షాపూ రెస్టారెంటూ ఒకే చోట ఉంటాయి, ఆ అడగడమేదో అక్కడే అయిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండో రోజు నువ్వేం రాసుకున్నావు? పొద్దున పదకొండుకి పొహాకీలో కోకోమాన్ షాపు, ఒంటిగంటకి రాంచో డి చిమయోలో భోజనం, ఆ తర్వాత చిమయో చర్చి, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. షాపు మంచిదే. హోటల్ ఇంకా మంచిది. 1965నించీ నడుస్తోంది, 2016లో వంటలకి బహుమతులిచ్చే జేమ్స్ బియర్డ్ వాళ్లు 'అమెరికాస్ క్లాసిక్స్'లో చేర్చారు. చర్చిలో దొరికే పవిత్రమైన మట్టి కోసం ఎక్కడెక్కడినించో నడిచి వస్తారు, తప్పకుండా చూడండి. మరి పదకొండింటికి కొన్న సీసాలు సాయంత్రం దాకా ఎక్కడుంటాయి? కారు డిక్కీలో! సెప్టెంబరు ఎండలో! పర్వతాల ఎండ చల్లగా ఉంటుందనుకోకు. గాలి చల్లగానే తగులుతుంది, ఎండ మాత్రం నెత్తిమీద మేకు దిగినట్టుంటుంది. అద్దాలు బిగించిన కారు గంటలో పొయ్యి అయిపోతుంది.

అదే రాష్ట్రంలో, ఆల్బకర్కీలోని యూనివర్సిటీ ఆఫ్ న్యూ మెక్సికోలో నేను చదివే రోజుల్లో నా గదిలో వరంగల్ అబ్బాయి ఒకడుండేవాడు. వాళ్ల ప్రొఫెసరు ఇంటికి భోజనానికి పిలిచాడు. స్టైపెండ్‌లో సగం పెట్టి మావాడు ఒక ఫ్రెంచి సీసా కొన్నాడు. కొని, డిక్కీలో పెట్టి, ల్యాబుకెళ్లి, సాయంత్రం దాకా పని చేసుకున్నాడు. ఆల్బకర్కీలో జూన్ అది, ఊహించుకో. డిక్కీ తెరిచేసరికి బిరడా సీసా మూతిని మించి పైకి లేచి ఉంది, పక్కనుంచి కారిన వైను కాగితం సంచీని ఎర్రగా తడిపేసింది. లోపల వైను వేడికి పొంగి బిరడాని తోసేస్తుంది. చల్లారాక వెనక్కి తగ్గుతూ గాలిని లోపలికి పీలుస్తుంది. అంతటితో దాని పని సరి. ప్రొఫెసరు పెద్దమనిషి, ఒక గుక్క తాగి చాలా బాగుందన్నాడు. వాళ్లావిడ మాత్రం గ్లాసు కిందపెట్టి, మళ్లీ ముట్టుకోలేదు. మావాడు ఆ రాత్రంతా నిద్రపోలేదు. వాడికి తోడు నన్నూ నిద్రపోనివ్వలేదు.

కాబట్టి వరస మార్చు. ముందు చిమయో, తర్వాత భోజనం, షాపు ఆఖరున, తిరిగొచ్చేటప్పుడు. షాపునించి నేరుగా గదికి. దారిలో బొమ్మల దుకాణమని, ఫొటో అని ఎక్కడా ఆగకండి. ఏదైనా సూపర్ మార్కెట్లో థర్మకోల్ పెట్టె కొనుక్కుని, అడుగున ఐసు సంచీ వేసి, సీసాలు అందులో పడుకోబెట్టు. పెట్టె వెనక సీటు కింద, నీడన ఉండాలి. సీటు మీద కాదు. గదిలో కూడా కిటికీ పక్కన పెట్టకు. తిరుగు విమానంలో సీసాలు చేతి సంచీలో రానివ్వరు, చెకిన్ చెయ్యాల్సిందే. ఒక్కోదాన్నీ రెండు స్వెట్టర్లలో చుట్టు, సూట్‌కేసు మధ్యలో పెట్టు. చికాగోలో మీ ఇంటికి చేరాక వారం పది రోజులు కదల్చకుండా వదిలెయ్. మీ అత్తయ్య భుజం మీదనించి చూసి, "పసిపిల్లల సంగతి రాస్తున్నారా, సీసాల సంగతా?" అంటోంది. అననీ. బాగా తయారుచేసిన వస్తువుని తెలిసి తెలిసి ఎండలో పెట్టడం నేను చూడలేను.

ఏ సీసాలు కొనాలంటావా? అంత దూరం వెళ్లి కాలిఫోర్నియా సరుకు కొనుక్కురాకు, అది చికాగోలోనే దొరుకుతుంది. గ్రుయే అని ఉంటుంది, బుడగలొచ్చే రకం. ఫ్రాన్సులో షాంపేన్ సీమనించి వచ్చిన కుటుంబం 1984లో మొదలుపెట్టింది. ట్రూత్ ఆర్ కాన్సీక్వెన్సెస్ అనే ఊరి దగ్గర ద్రాక్ష వేశారు. (ఒక రేడియో కార్యక్రమం పేరు 1950లో ఊరికి పెట్టుకున్నారు, అలాంటి రాష్ట్రం అది.) పగలు మండే ఎండ, రాత్రి వణికించే చలి. ఆ చలికే పులుపు నిలుస్తుంది పండులో. డిక్సన్ లోయలో లా చిరిపాదా, వివాక్ అని ఇంకో రెండున్నాయి, ఒక్కోటి చాలు. అక్కడి ద్రాక్షని నిన్న మొన్నటిదనుకోకు. 1629లోనే ఫ్రాన్సిస్కన్ సన్యాసులు రియో గ్రాండే ఒడ్డున తీగలు నాటారు, చర్చిలో పూజకి వైను కావాలి గదా. వలసల్లో ద్రాక్ష వేస్తే మా వ్యాపారం దెబ్బతింటుందని స్పెయిన్ రాజు వద్దన్నా వినలేదు. కాలిఫోర్నియాలో అలాంటి సన్యాసుల మిషన్లు మొదలైనవే 1769లో, అంటే చాలా తర్వాత.

కానీ మిరపకాయ వడ్డించే చోట ఎర్ర వైను జోలికి పోకు. ఖరీదైన, గాఢమైన ఎర్ర వైనులో ఆల్కహాలు ఎక్కువ, వగరు ఎక్కువ. రెండూ కలిసి కారాన్ని రెండింతలు చేస్తాయి. గ్రుయే తీసుకో, లేదంటే కాస్త తీపి ఉన్న రీస్లింగ్. శ్రావణికి ఏదీ వద్దంటే బలవంతపెట్టకు.

ఆ కారం సంగతి. ఎక్కడ కూర్చున్నా "రెడ్ ఆర్ గ్రీన్?" అని అడుగుతారు. శాసనసభ దాన్ని రాష్ట్ర అధికారిక ప్రశ్నగా తీర్మానించింది, నిజంగానే. తేల్చుకోలేకపోతే "క్రిస్మస్" అను, రెండూ పోస్తారు. రెండూ ఒకే కాయ. పచ్చిగా ఉన్నప్పుడు కాల్చి, తోలు తీసి తరిగితే గ్రీను. పండి ఎండాక నానబెట్టి నూరితే రెడ్డు. నేను మొదటిసారి యూనివర్సిటీ ఎదురుగా ఉన్న హోటల్ ఫ్రాంటియర్‌లో కూర్చున్నప్పుడు గుంటూరువాణ్ణి, నాకు ఎంత కారమైనా లెక్క లేదని ఛాతీ విరుచుకున్నాను. నిజానికి వాళ్ల కాయల్లో చాలావాటికి మన కాయంత ఘాటు లేదు. అయితే మనం చెంచా వేస్తాం, వాళ్లు గరిటెలతో పోస్తారు. కూరకి కారం కాదు, కారమే కూర. 1913లో ఫాబియాన్ గార్సియా అనే ఆయన అక్కడి వ్యవసాయ కాలేజీలో ఒక రకం తయారుచేశాడు, ఇప్పటి రకాలు చాలావరకు దాని సంతతే. మన గుంటూరుకి మిరపకాయ వచ్చిందీ ఆ ఖండాలనించే, పోర్చుగీసువాళ్ల ఓడల్లో. సెప్టెంబరులో దుకాణాల ముందు ఇనుప పంజరాల్లాంటి డ్రమ్ముల్లో కాయలు వేసి గ్యాసు మంట మీద తిప్పుతుంటారు. ఆ వాసనకి నాకు ఇల్లు గుర్తొచ్చేది. మన మిర్చి యార్డు ఘాటు అది కాదు, అయినా గుర్తొచ్చేది.

శ్రావణి శాకాహారి, ఇది మర్చిపోకు. చాలాచోట్ల చిక్కుడు గింజలు పంది కొవ్వుతో ఉడికిస్తారు. గ్రీన్ చిలీలో మాంసం రసం కలుపుతారు. పొసోలే అనే వంటకంలో పంది మాంసమే ఉంటుంది. "వెజిటేరియనా?" అని అడిగితే ముక్కలు కనబడవు కాబట్టి అవునంటారు. "లార్డ్ ఉందా, మాంసం రసం ఉందా?" అని విడివిడిగా అడుగు. మొహమాటపడకు. ఆ పిల్ల అడగదు, ఆకలితో లేస్తుంది. నీలి మొక్కజొన్న ఎంచిలాడాలు చీజుతో బాగుంటాయి, చుట్టకుండా ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. నీకు చిన్నప్పుడు కారం తగిలితే ఎక్కిళ్లు వచ్చేవి, అమ్మమ్మ బెల్లం ముక్క నోట్లో పెట్టేది. అక్కడ సోపాపియా ఇస్తారు, పూరీలా పొంగుతుంది. మూల తుంచి తేనె పోసుకో. ఎక్కిళ్లు ఆగుతాయి.

ఇందాక చెప్పినవి కాక, మిగతా పేర్లు కొట్టేసి ఇవి ఉంచు. ది షెడ్, మధ్యాహ్నం మాత్రమే వెళ్లండి. 1953నించి ఉంది, ఆ ఇల్లు 1692నాటిది. లైను పెద్దదైతే వాళ్లదే లా చోసా ఉంది, అక్కడికెళ్లు. పొద్దున్న కఫే పాస్కువాల్స్‌లో అందరూ కలిసి కూర్చునే పెద్ద బల్ల దగ్గర కూర్చోండి, పక్కవాళ్లే ఊరి కబుర్లు చెప్తారు. ఒక్క రాత్రి ఖర్చుపెట్టాలనుకుంటే సాజోన్. ఫెర్నాండో ఓలియాకి 2022లో జేమ్స్ బియర్డ్ బహుమతి వచ్చింది, ఆయన చేసే మోలే సాసులు రుచి చూస్తే మనవాళ్లు మసాలా నూరడం గురించి గొప్పలు తగ్గిస్తారు. పేపర్ దోస అనే హోటలు కూడా రాశావు, సంతోషం. ఆఖరి రోజుకి ఉంచు, అప్పటికి శ్రావణికి దోసెమీద మనసు పోతుంది. సెప్టెంబరు ఆఖరివారం మాత్రం వద్దు, 1991నించీ అప్పుడే వైన్ అండ్ చిలీ ఉత్సవం జరుగుతోంది, గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి.

ఊరు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. మీ అత్తయ్య కాపురానికి వచ్చిన కొత్తలో ఆల్బకర్కీలోనే, అంటే 5,300 అడుగులకే, కందిపప్పు ఉడక్క ఏడ్చింది. ఇంటినించి కుక్కరు వచ్చేదాకా మాకు పప్పు లేదు. మనిషికీ అంతే, కొత్త గాలికి కుదురుకోవాలి. మొదటిరోజు వైను ముట్టకు, నీళ్లు తాగు. దాహం వెయ్యకపోయినా తాగు. ఆ పొడి గాలికి చెమట పట్టినట్టే తెలియదు.

తాగిన రోజు కారు ముట్టకు. తాగి నడిపి శిక్షపడినవాడు, మొదటిసారైనా సరే, ఊపిరి ఊదితేగానీ స్టార్టవని యంత్రం కారులో పెట్టించుకోవాలని దేశంలో అందరికన్నా ముందు చట్టం చేసింది ఆ రాష్ట్రమే, 2005లో. ఆల్బకర్కీనించి శాంటా ఫేకి రైల్ రన్నర్ రైలుంది. చిమయో రోజుకి మాత్రం కారు అద్దెకి తీసుకో.

మనసు తెరిచి చెప్పాలంటే, మీరిద్దరూ ఇలా కలిసి తిరగడం నాకు చాలా సంతోషంగా ఉంది. పెళ్లయిన ఈ మూడేళ్లలో నువ్వు ఆఫీసు తప్ప ఇంకో ఊసెత్తలేదు. అందుకే ఇన్ని పేజీలు రాశాను, విసుక్కోకు.

చిమయోలో ఆ ఊళ్లోనే పండిన కారం అరకిలో కొను. ఆ పేరు పెట్టి పక్క సరుకు అంటగడతారు, పండించినవాళ్ల పేరు ప్యాకెట్టు మీద ఉందో లేదో చూడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు సీలు విప్పకుండా తీసుకురా. గుంటూరుకి కారం మోసుకొచ్చావని ఇక్కడ అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నువ్వు మాత్రం మర్చిపోకు.

మీ మావయ్య